మనసులోని బీడు



పాళీలో 'ఖిల' అని ఒక మాట ఉంది. మడక దిగక గట్టిపడిపోయిన నేల అని అర్థం. మన చిత్తూరు పల్లెల్లో దాన్నే బీడు అంటాం. 'అఖిల భారత' అని బోర్డుల మీద రోజూ చదువుతుంటామే, అందులో ఉన్నదీ ఈ ఖిలమే.

బీడు సంగతి మనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. మనవాళ్లకు డీకేటీ పట్టాలిచ్చింది ఎక్కువగా ఎట్లాంటి నేలకి? ఊళ్లో ఎవరూ వద్దనుకున్న రాళ్ల నేలకి. కంప కొట్టి, మొదళ్లు తవ్వి, రాళ్లేరి గెట్టు వేస్తేగానీ అందులో సెనక్కాయ పడలేదు. పట్టా చేతికొచ్చిన రోజు అది ఇంకా బీడే. రెండేళ్లు వదిలేస్తే కంప మళ్లీ లేస్తుంది. అసైన్డ్ భూమిని అమ్మరాదు, కొనరాదని 1977లో చట్టమొచ్చింది గానీ, కంప లేచిన చేను మీద పక్క ఆసామి కన్ను పడకుండా ఉంటుందా?

ఈ రైతుమాటనే బుద్ధుడు మనసుకు వాడాడు. మజ్ఝిమ నికాయంలో 16వది చేతోఖిల సుత్తం. భిక్షువులకు చెప్పిందే అయినా మనకూ పనికొస్తుంది. మనసులో బీళ్లు ఐదు. బుద్ధుడి మీద, ధమ్మం మీద, సంఘం మీద, శిక్షణ మీద తెగని అనుమానం నాలుగు. ఐదోది, తోటివాళ్ల మీద కోపం.

"అనుమానం తప్పయితే, ప్రశ్నించమన్న బాబాసాహెబ్ మాటేంది?" అంటారు మన పిల్లోళ్లు. అడగాల్సిందే. కేసపుత్తలో కాలాములు అనుమానపడితే బుద్ధుడు తప్పు పట్టలేదు, మీరే పరీక్షించుకోండన్నాడు. చదివి, అడిగి, ఆచరించి చూసేవాడి అనుమానం మడక లాంటిది, నేలను పెళ్లగిస్తుంది. అడగనూ అడగక, చేసి చూడనూ చూడక గెట్టు మీద కూర్చున్న అనుమానమే బీడు.

నాకు భయమంతా ఐదోదాని మీదే. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ చేయించిన 22 ప్రతిజ్ఞలు మన ఇళ్ల గోడలకున్నాయి. ఆ గోడ కింద కూర్చునే అన్నదమ్ములకు మాటల్లేవు. జయంతికి రెండు పందిళ్లు, రెండు మైకులు. మాల, మాదిగ అనే మాట చెప్పులైనా విడవకుండా విహారంలోకి వస్తోంది.

ఈ పౌర్ణమికి వందనకు వచ్చేముందు, మీరు మాట మానేసిన మనిషి ఇంటికి పోండి. ముందు ఎవరు పోవాలని లెక్కలేయొద్దు. కోపానికి కారణం నిజమైనదే అయితే అదీ చెప్పండి, ఎదురుగా, నెమ్మదిగా. ఇద్దరూ కలిసి రండి. ఆలస్యమైనా ఫర్వాలేదు, మీరొచ్చిందాకా త్రిశరణం మొదలుపెట్టం.