నాడె మర్లి రావాలె

నల్గొండ వైపు ఒక ఊళ్లో ఒక నేతగాడు ఉండేవాడు. సావుకారు ఇచ్చే కూలి పూట గడవడానికి చాలక, కూతురు ఇంకా చీర ఉయ్యాలలో ఉండగానే భీవండి బండెక్కాడు. ఆ వైపు పద్మశాలీల ఇళ్లలో భీవండి, షోలాపూర్ పేర్లు ఎరగని ఇల్లు లేదు. అక్కడ పన్నెండు గంటల పని, మరమగ్గాల హోరు. పక్కవాడికి మాట వినపడాలంటే చెవిలో అరవాలి. మూడేళ్లు అలా అరిచి అరిచి, నాలుగు రూపాయలు వెనకేసుకుని తిరిగొచ్చి, ఇంట్లోని పాత గుంట మగ్గానికి పట్టిన దుమ్ము దులిపాడు.

కూతురు మాత్రం దగ్గరికి రాలేదు.

"మీ నాయిన వచ్చిండు, పో బిడ్డా" అంది తల్లి, రాట్నం మీద కండెలు చుడుతూ.

పిల్ల నాయినమ్మ కొంగు చాటు నుంచే జవాబిచ్చింది: "మా నాయిన గీడ లేడు. భీవండిల ఉన్నడు."

పిల్ల తప్పేమీ అనలేదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఇంట్లో అందరూ ఆమెకు చెప్పిందే తిరిగి చెప్పింది. తండ్రి ముద్దుగా పిలుద్దామని నోరు తెరిచేవాడు. భీవండి గొంతు బయటికొచ్చేది. పిల్ల ఉలిక్కిపడి ఇంకాస్త లోపలికి జరిగేది.

అతను అక్కణ్ణించి ఒక ట్రాన్సిస్టర్ తెచ్చాడు. దాన్ని గూట్లో పెట్టి పాటలు పెట్టాడు. పిల్ల మొదట గడప దగ్గర నిలబడి విన్నది. మర్నాడు గూటి కిందికి వచ్చింది. వారం తిరిగేసరికి రేడియోను పక్కలో పెట్టుకుని నిద్రపోయింది. తండ్రి మురిసిపోయాడు, 'దారిన పడ్డది' అనుకున్నాడు. పదిహేను రోజులైంది, నెలైంది. పిల్ల రేడియోకు చేరువైంది గాని అతనికి కాలేదు. ఒకరాత్రి సెల్లు అయిపోయి పాట ఆగిపోతే గుక్కపెట్టి ఏడ్చింది. అతను ఎత్తుకోబోతే ఆ ఏడుపు రెండింతలైంది.

"నేనే పాడత" అనుకున్నాడు. రేడియోలో విన్న పాటలు రెండు కంఠతా పట్టి, మగ్గం గుంటలో కూర్చుని మొదటి నుంచి చివరిదాకా పొల్లుపోకుండా పాడాడు. పిల్ల విన్నది. పాట అయిపోగానే లేచి వాకిట్లోకి పోయి పక్కింటి దూడతో ఆడుకుంది.

ముసలామె ఇదంతా చూస్తూనే ఉంది. వత్తులు చేసుకుంటూ అన్నది: "మంచిగనే పాడినవు కొడుకా. గని నాడె ఒక్కదిక్కే పోతె బట్టైతదా? మర్లి రావద్దా?"

అతనికి ఆ పూట అర్థం కాలేదు. మర్నాడు మగ్గం మీద కూర్చుని, పేక నూలు మోసే నాడె కుడి నుంచి ఎడమకు పోవడం, ఎడమ నుంచి కుడికి రావడం చూస్తూ చూస్తూ ఒక్కసారి చెయ్యి ఆపాడు. ఆ తర్వాత గొంతు బాగా తగ్గించి, మగ్గం దెబ్బకు తగ్గట్టు, పాటా కాని మాటా కానిదొకటి అందుకున్నాడు:

"పోయె పోయె, నాడె పోయె... వచ్చె వచ్చె..."

అక్కడ ఆగిపోయాడు. మగ్గం కూడా ఆపాడు.

ఏమీ జరగలేదు. ఆ మర్నాడూ అంతే. మూడో రోజు "వచ్చె వచ్చె" అని ఆగగానే తలుపు చాటు నుంచి సన్నగా వినిపించింది: "దూడ!"

నాడె అనాలి. నాలుక చివరిదాకా వచ్చిన దిద్దుబాటును అతను మింగేశాడు. "వచ్చె వచ్చె, దూడ వచ్చె" అని పాడి, నాడె విసిరాడు. తలుపు వెనక నవ్వు. ఆ రోజు నేసిన బట్ట రోజూ నేసేదానిలో సగం కూడా లేదు.

అటుపైన ఆ పాటలోకి ఏమేం వచ్చాయో చెప్పలేం. మేక వచ్చింది, బస్సు వచ్చింది, సావుకారు కూడా వచ్చాడు. పిల్ల తలుపు దగ్గర్నుంచి రాట్నం దగ్గరికి, రాట్నం దగ్గర్నుంచి మగ్గం గుంట అంచుకు జరిగింది. ఒకరోజు పడుగు తెగి అతను తల వంచుకుని పోగు అతుకుతుంటే, పిల్లే అందుకుంది: "పోయె పోయె, నాడె పోయె... వచ్చె వచ్చె..." అని ఆపి చూసింది. అతను పోగు మీదే ఉన్నాడు. పిల్ల కాసేపు ఓపిక పట్టింది. తర్వాత వంగి, రెండు చేతులతో అతని గడ్డం పట్టుకుని మొహాన్ని తన వైపుకు తిప్పుకుంది.

మూడేళ్ల తర్వాత ఆ పిల్ల తండ్రిని ముట్టుకోవడం అదే మొదలు. ట్రాన్సిస్టర్ తిరిగి గూట్లోకి పోయింది. పొద్దున వార్తలకు పనికొచ్చేది.

నీతి కథ అన్నాక కింద నీతి అని రాసి ఒక వాక్యం పెట్టడం బడి పుస్తకాల నుంచీ మనకు అలవాటు. పెడుతున్నాను. నీతి: పిల్లలతో పాడేవాళ్లు పాట మధ్యలో ఆగాలి.

ఇంతేనా అంటారేమో. పిల్లలకు పాటలు వినిపించండి అని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆగండి అని చెప్పేవాళ్లు తక్కువ. రేడియో పాటను చిన్నబుచ్చడం నా ఉద్దేశం కాదు. మాంట్రియల్‌లో ఏడాది నిండని పిల్లలకు వాళ్లు ఎన్నడూ వినని తుర్కీ భాష పాటను రికార్డు చేసి వినిపిస్తే, సుమారు తొమ్మిది నిమిషాల దాకా ఏడుపు మొహం పెట్టలేదు. ముద్దుమాటలు వినిపిస్తే నాలుగు నిమిషాలకే పెట్టారు. అంటే రికార్డు పాట కూడా పిల్లల్ని ఊరుకోబెడుతుంది. వంట దించేదాకా ఊరుకుంటే చాలనుకునే తల్లిని నేను తప్పుపట్టను. అయితే ఊరుకోబెట్టడం వేరు, మాలిమి చేసుకోవడం వేరు. నేతగాడు నెల రోజులు పొరబడింది అక్కడే.

పుట్టిన పిల్లకు తల్లి గొంతు ముందే తెలుసు. 1980లో డికాస్పర్, ఫైఫర్ అనే ఇద్దరు పరిశోధకులు మూడు రోజులు కూడా నిండని పసికందులకు ఒక పాలపీక ఇచ్చారు. ఒక తీరులో చప్పరిస్తే తల్లి గొంతు, ఇంకో తీరులో చప్పరిస్తే వేరే ఆమె గొంతు వినిపించే ఏర్పాటు అది. పిల్లలు తల్లి గొంతు వినపడేలా చప్పరింపు మార్చుకున్నారు. కడుపులో ఉన్నప్పుడే విన్న గొంతు మరి. తండ్రికి ఆ ముందస్తు జమ అంతగా ఉండదు. భీవండి తండ్రికి, గల్ఫ్ తండ్రికి అసలే ఉండదు. అతను బయటి నుంచి మొదలుపెట్టాలి.

నాకు బాగా గుర్తుండిపోయింది ఇంకొకటి. 1985లో ముర్రే, ట్రెవార్తెన్ అనేవాళ్లు తల్లినీ, రెండు మూడు నెలల బిడ్డనూ వేర్వేరు గదుల్లో ఉంచి, టీవీ తెర మీద ఒకరికొకరు కనిపించేలా చేశారు. తెర మీది తల్లితో పిల్లలు నవ్వారు, ఊకొట్టారు. తర్వాత అదే తల్లి కాసేపటి కిందటి నవ్వులనూ మాటలనూ రికార్డు నుంచి వేసి చూపించారు. మొహం అదే, గొంతూ అదే. అయినా పిల్లలు కలవరపడ్డారు, చూపు తిప్పుకున్నారు. ఆ తర్వాత ఇలాంటి ప్రయోగం మళ్లీ చేసినవాళ్లందరికీ ఫలితం ఇంత స్పష్టంగా రాలేదు, అదీ చెప్పాలి. కానీ ఆ రికార్డులోని తల్లి చేసిన తప్పేమిటో ముసలామెను అడిగితే చెప్పేది. నాడె మర్లి రాలేదు.

మన పాటలకు ఈ సంగతి తెలుసు. బతుకమ్మ పాట ఒకరు చెబితే మిగతావాళ్లు అందుకుంటారు. పాదం చివర వచ్చే 'ఉయ్యాలో' అనే మాట దగ్గర, పాట ఒక్క ముక్క రాని నాలుగేళ్ల పిల్ల కూడా చప్పట్లు కొడుతూ కలుస్తుంది. బుర్రకథలో కథకుడికి అటూ ఇటూ వంతలున్నారు. కథ చెప్పే తాతలు మనవడు ఊఁ కొట్టకపోతే చెప్పడం ఆపేసేవారు, నిద్రపోయాడా అని చూడటానికే కాదు. గొంతు బాగాలేదు కాబట్టి పాడనని చెప్పే తండ్రులకు ఇక్కడ సాకు దొరకదు. పిల్లకు కావలసిన చోటు గొంతు ఆగినప్పుడు దొరికేదే.

ఫోను ఆగదు. ఒక పాట అయ్యేలోపే ఇంకోటి అందుకుంటుంది. అయినా ఫోనునే వంతపాటకు వాడుకుంటున్న ఒకావిడ మా వీధిలో ఉంది. మనవడు అమెరికాలో, రెండేళ్లవాడు. ఆదివారం పొద్దున్నే వీడియో కాల్‌లో పాదం పాడి ఆగుతుంది, వాడు చివరి మాట అనాలి. మొదట్లో వాడి మాట వచ్చేసరికి ఆమె తర్వాతి పాదంలో ఉండేది. ఇద్దరి మాటలూ కలగలిసిపోతే వాడు అలిగి వెళ్లిపోయేవాడు. ఆ మాట అంత దూరం నుంచి రావడానికి కొంచెం టైం పడుతుందని కోడలు చెప్పిందట. ఇప్పుడు ఆవిడ పాదం చివర నోరు మూసుకుని, వేళ్ల మీద రెండు లెక్కపెట్టి, అప్పుడు చూస్తుంది.