తిరిగి కొనబడిన పడవ

వాక్యభాగము: రూతు 4:1–10



సముద్రముమీద జీవనము చేయువారి వ్యవహారములలో ఒక ఏర్పాటు కలదు. ఇన్సూరెన్సు చేయబడిన పడవ యొకటి తుపానులో రాళ్లకు కొట్టుకొని పగిలినదనుకొందము. కంపెనీవారు ఒక సర్వేయరును పంపుదురు. అతడు పడవ చుట్టు తిరిగి, పలకలను సుత్తితో తట్టి చూచి, ఇంజను విప్పించి, బాగుచేయుటకు పట్టు ఖర్చును లెక్కకట్టును. బాగుచేయుటకు ఎనిమిది లక్షల రూపాయలు కావలెను. బాగైన తరువాత ఆ పడవ ఖరీదు ఆరు లక్షలే. అప్పుడు సర్వేయరు దానిని పూర్తి నష్టముగా వ్రాయును. పడవ ఒడ్డున ఒరిగి కన్నులకు కనబడుచునే యున్నది. కాని లెక్కలలో అది లేనట్టే.

ఇది ఏ కంపెనీయో తన యిష్టముచొప్పున పెట్టుకొనిన నియమము కాదు. 1906లో ఇంగ్లాండు పార్లమెంటు చేసిన సముద్ర ఇన్సూరెన్సు చట్టములోను, దానిని అనుసరించి 1963లో మన దేశము చేసికొనిన చట్టములోను ఈ సూత్రము కలదు. బాగుచేయు ఖర్చు బాగైన ఓడ విలువను మించినయెడల దానిని పూర్తి నష్టముగా ఎంచవచ్చును. కంపెనీవారు సొమ్ము చెల్లించిన పిమ్మట, మిగిలిన శకలమును తాము తీసికొనుటకు వారికి హక్కు కలుగును. సాధారణముగా అట్టి శకలము పాతసామాను కొనువారి చేతికి పోవును. ఇనుము ఇనుముగా, కఱ్ఱ కఱ్ఱగా అమ్ముడుపోవును.

అయితే కొన్ని సమయములలో యజమాని ముందుకు వచ్చి, "ఆ పడవను నాకే విడిచిపెట్టుడి" అని అడుగును. కంపెనీవారు సమ్మతించినయెడల, శకలమునకు ఒక వెల కట్టి, ఆ సొమ్మును తాము ఇయ్యవలసిన దానిలోనుండి తగ్గించి, పడవను అతనికి అప్పగింతురు. ఒకప్పుడు తనదైయుండిన దానినే అతడు మరల వెలయిచ్చి కొనుచున్నాడు! చూచువారు నవ్వవచ్చును. పగిలిన దానికి వెల యేమిటి? తన సొత్తునకు తానే వెల ఇచ్చుట యేమిటి?

చదువరులారా, విమోచనము అను మాటను మనము ప్రతి ఆదివారము పలుకుచున్నాము. ఆ మాటలో ఏమి యిమిడియున్నదో ఈ పగిలిన పడవ యొద్ద నిలువబడి కొంతసేపు ఆలోచింతము.

మొదటిది, సర్వేయరు అబద్ధమాడలేదు. అతడు కఠినుడు కాడు, పడవకు శత్రువు కాడు, ఉన్నదున్నట్టు చెప్పినాడు. పలకలు చీలినవి, అడుగు దూలము విరిగినది, ఇంజనులోనికి ఉప్పునీరు పోయినది. దేవుడు కూడ మనలను గూర్చి అబద్ధపు లెక్క వ్రాయడు. మన యొద్ద చెడిపోయిన భాగము కొంచెమే యని పౌలు రోమీయులకు వ్రాయలేదు; యూదుడేమి, అన్యుడేమి, అందరును పాపము క్రిందనే యున్నారని వ్రాసెను. ప్రేమ అనగా నష్టము లేదనుట కాదు. కొందరు తలిదండ్రులు తమ కుమారుని త్రాగుడును "ఏదో స్నేహితులతో కొంచెము" అని కప్పిపుచ్చుదురు. ఇట్టి ప్రేమ పగులును చూడ నిరాకరించు ప్రేమ. పగులును చూడనివాడు దానిని బాగుచేయలేడు.

లేవీయకాండము 27వ అధ్యాయములో ఒక విధి కలదు. ఒకడు తన యిల్లు యెహోవాకు ప్రతిష్ఠించినయెడల, అది మంచిదైనను చెడ్డదైనను యాజకుడు దాని వెలను నిర్ణయింపవలెను. ప్రతిష్ఠించినవాడే దానిని మరల విడిపింపగోరినయెడల, ఆ వెలకు అయిదవవంతు కలిపి యియ్యవలెను. యాజకుని లెక్కను కాదనుటకు అతనికి వీలులేదు. లెక్కను ఒప్పుకొని, దానికి మించి యియ్యవలెను. విడిపించుట యనగా ఇదియే.

రెండవది, ఒకే లెక్కను ఇద్దరు చూచిరి. ఒకడు వెనుదీసెను, ఒకడు ముందుకు వచ్చెను. రూతు గ్రంథము 4వ అధ్యాయములో బేత్లెహేము గవిని యొద్ద పదిమంది పెద్దల యెదుట ఇది జరిగెను. నయోమి పొలమును విడిపించుటకు బోయజుకంటె సమీప బంధువు ఒకడుండెను. పొలము అనగానే అతడు విడిపింతుననెను. పొలముతోకూడ మోయాబీయురాలైన రూతును స్వీకరింపవలెనని వినగానే, తన స్వాస్థ్యమునకు నష్టము కలుగునని తలంచి మానుకొనెను. అతడు దుర్మార్గుడని గ్రంథము చెప్పలేదు. అతడు లెక్క తెలిసినవాడు. అతని లెక్క తప్పుకూడ కాదు. అయితే అతని పేరు ఆ గ్రంథములో ఎక్కడను వ్రాయబడలేదు. బోయజునకును అదే లెక్క వినబడెను, అదే ఖర్చు కనబడెను. అతడు రూతును చూచెను, చనిపోయినవాని పేరు నిలువవలెనని కోరెను, విడిపించెను.

కంపెనీవారి ప్రశ్న, "దీని విలువ యెంత?" యజమాని ప్రశ్న, "ఇది ఎవరిది?" ఈ రెండు ప్రశ్నలకు జవాబులు ఒకటి కావు. సంతలో మన విలువ ఎంత పలికినను, దేవుడు మనలను గూర్చి అడిగినది రెండవ ప్రశ్నయే. హోషేయ తన భార్యను వెండియు యవలును ఇచ్చి మరల కొనుక్కొనెను. ఆమె అంతకుముందే అతని భార్య! మన విషయములో వెండి బంగారములు చాలలేదని, క్రీస్తు రక్తమే వెలయైనదని పేతురు సాక్ష్యమిచ్చుచున్నాడు.

మూడవది, కొనుట ఒక దినపు పని. బాగుచేయుట బహు దినముల పని. ఈ విషయము మనము మిక్కిలి జాగ్రత్తగా వినవలెను. పగిలిన పడవను తక్కువ వెలకు తిరిగి తీసికొనినవారిలో కొందరు తరువాత చతికిలబడుదురు. కాగితముమీద సంతకము పెట్టిన దినమున ఉత్సాహము మెండు. పిమ్మట కఱ్ఱ ఖర్చు, కూలి ఖర్చు, పడవ నిలుపుకొనిన చోటికి అద్దె మీద పడును. ఉప్పునీట మునిగిన ఇంజనును పైకి తీసిన వెంటనే మంచినీటితో కడిగి, నీరంతయు వెళ్లగొట్టి, నూనె పట్టింపవలెను. నీటిలోనున్నప్పటికంటె గాలి తగిలిన తరువాతనే తుప్పు త్వరగా పట్టును. వచ్చే వారము చూతమని విడిచినయెడల ఆ ఇంజను ఇక తిరుగదు.

సంఘములలో జరుగుచున్నది ఇదియే కాదా? ఉజ్జీవ కూటములలో ఒక త్రాగుబోతు కన్నీళ్లతో ముందుకు వచ్చును. అందరము పాటలు పాడుదుము, చేతులు కలుపుదుము. మరుసటి వారము అతని యింటికి వెళ్లినవారెందరు? పాత స్నేహితులు సాయంకాలము ఏడు గంటలకు అతని తలుపు తట్టుదురు. మనము ఆదివారము పది గంటలకు మాత్రమే అతనికొరకు చూతుము. జైలునుండి విడుదలైన సహోదరునికి ప్రార్థనలో చోటిత్తుము గాని పనిలో చోటియ్యము. కొని తెచ్చి, గడ్డిలో నిలిపి, మరచిపోయిన పడవ అతడు. గోపురము కట్టగోరువాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనవలెనని ప్రభువు చెప్పినది ఇట్టి వారికే.

నాలుగవది, రంగు పూసి దాచకూడదు. పూర్తి నష్టముగా వ్రాయబడిన పడవకు పుచ్చిన పలకలమీద క్రొత్త రంగు వేసి, దాని చరిత్ర చెప్పక, ఎరుగనివానికి అమ్మువారు కలరు. అందులో ఎక్కిన మనుష్యుల ప్రాణములు సముద్రములో పోవచ్చును. నిజముగా బాగుచేసినవాడు దాచడు. ఏ పలక తీసినాడో, ఏది వేసినాడో చెప్పి, మరల సర్వేయరును పిలిచి చూపును. పౌలు ఒనేసిమును ఫిలేమోను నొద్దకు పంపినప్పుడు, అతడు మునుపు నిష్‌ప్రయోజకుడుగా నుండెనని దాచలేదు. అతనివలన నష్టమేదైన కలిగియుండినయెడల దానిని తన పేరట వ్రాసికొనుమని స్వహస్తముతో వ్రాసి పంపెను. గతమును దాచక, గతమునకు తాను పూటపడెను. సంఘములో ఒకని పతనమును ఊరంతయు చాటుట ఒక తప్పు. బాధితులైన వారి నష్టమును తీర్చక, ఏమియు జరుగనట్టు రంగు పూయుట మరియొక తప్పు.

అయిదవది, బాగైన తరువాత కూడ కాపుదల కావలెను. గ్రేట్ బ్రిటన్ అను ఆవిరి ఓడ కథ ఇందుకు తగిన దృష్టాంతము. బ్రూనెల్ అను ఇంజనీరు ఇనుముతో కట్టించిన ఆ ఓడ 1843 జూలై 19న బ్రిస్టల్ నగరములో జలప్రవేశము చేసెను. 1846లో ఐర్లండు తీరమున ఇసుకలో చిక్కుకొనెను. మరుసటి సంవత్సరము దానిని పైకి తీసిరి గాని, ఆ ఖర్చుతో కంపెనీయే కూలెను, ఓడ పరుల చేతికి పోయెను. 1886లో హారన్ అగ్రము చెంత తుపానుకు దెబ్బతిని ఫాక్‌లండు దీవులు చేరెను. బాగుచేయు ఖర్చు గిట్టదని దానిని అక్కడనే అమ్మివేసిరి. ఉన్ని, బొగ్గు నిలువచేయు కొట్టుగా అది చాలకాలము పనిచేసెను. 1937లో ఒక నిర్జనమైన రేవునకు లాగికొనిపోయి, అడుగున రంధ్రములు చేసి విడిచిపెట్టిరి. అయితే 1970లో కొందరు దానిని ఆ బురదలోనుండి లేపి, తేలెడి వేదికమీద ఎక్కించి, అట్లాంటిక్ సముద్రము దాటించి బ్రిస్టల్ తెచ్చిరి. అది పుట్టిన అదే గోదీలోనికి, పుట్టిన అదే జూలై 19న చేరెను.

కాని కథ అంతటితో ముగియలేదు. ఇన్నేండ్ల ఉప్పు ఆ ఇనుములో ఇంకియుండెను. ఒడ్డుకు చేరినను లోపల తుప్పు ఆగలేదు. అందుచేత 2005 నాటికి ఓడ చుట్టు గాజు కప్పు వేసి, దాని క్రింద యంత్రములతో గాలిలోని తేమను తీసివేయుచు అడుగు భాగమును కాపాడు ఏర్పాటు చేసిరి. రక్షింపబడిన మనిషిలో కూడ పాత ఉప్పు ఇంకియుండును. అతడు మరల జారినప్పుడు, "చూచితిరా, ముందే చెప్పితిమి" అనుట సులువు. అతని చుట్టు పొడిగాలి నిలుపుట, అనగా ప్రార్థన, సహవాసము, నమ్మకమైన పని, ఓపిక నిలుపుట, మన పని.

ఒక్క హెచ్చరిక చెప్పవలెను. ప్రతి పగిలిన పడవను తిరిగి కొనవలెనని ఈ మాటలకు అర్థము కాదు. 2023 నవంబరు 19 రాత్రి విశాఖపట్టణము చేపలరేవులో అగ్ని లేచి దాదాపు 40 మరపడవలు కాలిపోయినప్పుడు, పడవతోపాటు అనేక కుటుంబముల కూడు పోయినది. అట్టి స్థితిలో పిల్లల అన్నము తీసి కాలిన పలకలమీద పోయుట విశ్వాసము కాదు. అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయములో ఓడ బద్దలైపోయెను. దానిని ఎవరును తిరిగి తేలేదు. అందులోని 276 మంది మాత్రము ఒడ్డు చేరిరి. వస్తువులను విడిచిపెట్టవచ్చును, మనుష్యులను విడిచిపెట్టరాదు. మనము తరచుగా దీనిని తలక్రిందులుగా చేయుదుము. పాత సామానును అటకమీద దాచుకొందుము, తప్పిపోయిన తమ్ముని పేరు ఇంటిలో ఎత్తనియ్యము.

ప్రియ సహోదరులారా, సహోదరీలారా, మీ కుటుంబములో, మీ సంఘపు పుస్తకములో, పూర్తి నష్టమని మీరు వ్రాసివేసిన పేరు ఏది? ఆ లెక్క తప్పని నేను చెప్పుటలేదు. ఆ పేరు ఎవరిది, ఆ మనిషి ఎవరివాడు అని మాత్రము అడుగుచున్నాను. ఈ నెలలోనే ఒక్కసారి ఆ గుమ్మము తొక్కుడి. ఉప్పునీరు తగిలిన ఇంజను వచ్చే సంవత్సరమువరకు ఆగదు.

ప్రార్థన: ప్రభువా, మా పగుళ్లన్నిటిని ఎరిగియుండియు మమ్మును నీవారినిగా కొంటివి. మేము విడిచిపెట్టినవారి యొద్దకు వెళ్లు ధైర్యమును, వారితో నిలుచు ఓపికను మాకు దయచేయుము. ఆమేన్.