మమకారమూ, హక్కూ

ఒక నగరాన్ని వేల సంవత్సరాలు ప్రేమించినంత మాత్రాన ఆ నగరం ప్రేమించినవారి సొత్తు అవుతుందా? జెరూసలేం విషయంలో ఈ ప్రశ్న నూరేళ్లుగా ప్రపంచాన్ని వేధిస్తున్నది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో కూర్చొని దీన్ని మనం చర్చించడమేమిటని ఎవరైనా నవ్వవచ్చు. కాని మా ప్రాంతంనుంచి గల్ఫుకు పోయినవారేగాక, ఇజ్రాయెల్‌కు పోయి అక్కడి వృద్ధులకు సేవచేస్తూ ఇంటికి డబ్బు పంపేవారూ వున్నారు. 2023 అక్టోబరు తర్వాత మా తరగతి గదుల్లోనూ ఈ ప్రశ్న తలెత్తింది.

విద్యార్థి మిత్రుల్లో కొందరి సమాధానం సులభమైనది: యూదుల మమకారమంతా 1917నాటి బాల్ఫోర్ ప్రకటనతో బ్రిటిష్ సామ్రాజ్యవాదం అల్లిన కట్టుకథ. దీన్ని నేను ఒప్పుకోలేను. ఇది భౌతికవాదం పేరిట చెలామణీ అయ్యే బద్ధకం. క్రీ.పూ. 586లో బాబిలోనియన్లు ఆ నగరంలోని మొదటి ఆలయాన్ని కూల్చారు. క్రీ.శ. 70లో రోమన్లు రెండవదాన్ని నేలమట్టం చేశారు. 135లో తిరుగుబాటును అణచిన హాడ్రియన్ చక్రవర్తి యూదులకు ఆ నగరప్రవేశాన్నే నిషేధించాడు. తర్వాతి శతాబ్దాల్లో వారు ఎక్కడ వున్నా ప్రార్థనవేళ ఆ దిక్కుకే తిరిగారు. పెండ్లి సంబరంలో సైతం ఒక గాజుపాత్రను పగలగొట్టి ఆ ధ్వంసాన్ని తలచుకున్నారు. ఆబ్ నెల తొమ్మిదవనాడు ఉపవాసముండి నేలమీద కూర్చొని శోకించారు. కొత్త ఇల్లు కట్టినప్పుడు గోడలో మూరెడు మేర సున్నం వేయకుండా వదలిపెట్టడం వారి ఆచారం. పోలండులోని దర్జీ, యెమెన్‌లోని వెండిపనివాడు ఒకరి మాట ఒకరికి తెలియనివారు. ఇద్దరూ ఒకే శిథిలానికి దుఃఖించారు. ఆ మూరెడు గోడను ఏ వలసపాలకుడూ కట్టించలేదు. ఇంతటి స్మృతి చరిత్రలో ఒక భౌతికశక్తి. దాన్ని లేదనుకొని చేసే విశ్లేషణ ఎక్కడో తప్పటడుగు వేస్తుంది.

ఐతే స్మృతినుంచి స్వామ్యం పుడుతుందా? మరమగ్గాల వెంట భీవండికి పోయిన సిరిసిల్ల పద్మశాలీల మనుమలు నేటికీ వేములవాడ రాజన్నకు కోడె మొక్కు చెల్లించడానికి వస్తారు. గుడి ఆవరణలోనే దర్గా వున్నది. కోడె కట్టిన భక్తుల్లో ఎందరో అక్కడా మొక్కి పోతారు. తాత వదలిపోయిన ఇంటిముందు కాసేపు నిలబడేవారూ వుంటారు. వారి అనుబంధం ఎవరూ కాదనలేనిది. కాని ఇప్పుడా ఇంట్లో కాపురమున్న వారిని లేచిపొమ్మని వారెవరూ అనరు.

ఈ పోలిక ఇంతవరకే పనికివస్తుంది. నేతపనివారిని వూరు దాటించింది ఆకలి. యూరపులో యూదులను నాజీలు వేటాడి అరవై లక్షలమందిని చంపారు. బతికి బయటపడినవాడు తలదాచుకొనే చోటు అడగడంలో అన్యాయమేమీ లేదు. ఆ చోటుకు మూల్యం ఎవరు చెల్లించారన్నదే మన ప్రశ్న.

ఇక్కడ జగిత్యాలవాడికి ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. 1978 సెప్టెంబరు 7న ఈ పట్టణంలో రైతుకూలీల జైత్రయాత్ర జరిగింది. మరునెలలోనే ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. దొర పెట్టెలో వున్న కాగితం గొప్పదా, దున్నినవాడి చెమట గొప్పదా అన్నదే నాటి తగాదా. పాలస్తీనాలోనూ అదే జరిగింది. బేరూత్‌లో వుండే సుర్సాక్ కుటుంబం జెజ్రీల్ లోయలోని భూములను 1920లలో యూదు సంస్థలకు అమ్మింది. తరతరాలుగా సాగుచేస్తున్న కౌలుదార్లు లేచిపోవలసివచ్చింది. పట్టా నిజమైనదే; బేదఖలూ నిజమైనదే. (మరోవైపు, ముస్లిముల పవిత్రస్థలమైన జెరూసలేంలోని అల్ అక్సా మసీదు మరమ్మతుకు ఆ దశకంలోనే మన నిజాం విరాళమిచ్చాడు. ఆ సొమ్ములో మా తాతలు కట్టిన శిస్తు ఎంతో!)

మన తెలుగునేలమీదనే జెరూసలేం కోసం తపించేవారున్నారని చాలామందికి తెలియదు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో కొన్ని మాదిగ కుటుంబాలు, ఒకప్పటి క్రైస్తవులు, 1980ల చివరినుంచి యూదుధర్మం పాటిస్తున్నాయి. ఇజ్రాయెల్ గోత్రాల్లో తప్పిపోయిన ఎఫ్రాయిము గోత్రం తమదని వారి విశ్వాసం. 1991లో ప్రార్థనామందిరం కట్టుకున్నారు. ఈ వంశావళికి చారిత్రకమైన రుజువు దొరకడం కష్టం. నేను దాన్ని పరిహసించను. వెలివాడలో వుంచిన సమాజం తమకు ఇవ్వని పూర్వీకులను వారు మరొకచోట వెదుక్కున్నారు. గౌరవంకోసం మనిషి పడే ఆరాటానికి శాసనాల సాక్ష్యం అడిగే అధికారం, ముఖ్యంగా అగ్రకులాలవారికి, లేదు.

కాని ఆ ఆరాటం ఒక రాజ్యం చేతిలో పడినప్పుడు ఏమవుతుందో చూడండి. ఇజ్రాయెల్ ఈ సముదాయాన్ని ఇంతవరకు గుర్తించలేదు. రేపు యూదులని ఒప్పుకొంటే, 1950నాటి 'తిరిగివచ్చే హక్కు' చట్టం కింద కొత్తరెడ్డిపాలెం మనిషి అక్కడి పౌరుడు కావచ్చు. పశ్చిమ జెరూసలేంలోని కతమోన్ పేటలో పుట్టి, 1948 యుద్ధంలో ఇల్లు విడిచిపోయిన అరబ్బు మాత్రం తిరిగి రాలేడు. ఒకరిది చూడని నగరంపై విశ్వాసం; మరొకరికి ఆ ఇంటి గడప, బావి, వీధి మలుపు గుర్తున్నాయి. 1970లో చేసిన మరొక చట్టం తూర్పు జెరూసలేంలో 1948కి ముందు యూదులకున్న ఆస్తులను తిరిగి అడిగే వీలు కల్పించింది. షేక్ జర్రాలో అరబ్బు కుటుంబాలను ఖాళీ చేయించే దావాలు దీని ఆధారంగానే నడిచాయి. పశ్చిమాన ఇళ్లు పోగొట్టుకున్న అరబ్బుకు అటువంటి దావా వేసే దారి లేదు. నాకు అభ్యంతరం ఇక్కడ. స్మృతి హక్కు ఇస్తుందంటే ఇద్దరికీ ఇవ్వాలి. ఇవ్వదంటే ఇద్దరికీ ఇవ్వకూడదు. ఒకరి స్మృతిని దస్తావేజుగా, మరొకరి స్మృతిని నేరంగా చూసే చట్టం మతభాషలో మాట్లాడినా చేసేది దొర పనే.

ఇదే కొలతను మనం అటువైపు కూడా పెట్టాలి. 1948నుంచి 1967దాకా పాతనగరం జోర్డాన్ చేతిలో వుంది. ఆ పంతొమ్మిదేళ్లూ పడమటి గోడ దగ్గర ప్రార్థించడానికి యూదులను రానివ్వలేదు. వారి పేటలోని ప్రార్థనామందిరాలను పాడుచేశారు. 1967 జూన్‌లో ఇజ్రాయెల్ సైన్యం పాతనగరాన్ని పట్టుకొన్న కొద్ది రోజులకే, గోడముందు మైదానం కోసం శతాబ్దాలనాటి మొగ్రబీ పేటను కూల్చి, అక్కడి కుటుంబాలను వెళ్లగొట్టారు. మన ఉపన్యాసాల్లో ఈ రెండవ సంగతి తరచు వినబడుతుంది, మొదటిది వినబడదు.

మమకారమున్న యూదులందరూ ఆ దారినే నడిచారనుకోవడమూ పొరపాటే. 1925లో జెరూసలేంలో 'బ్రిత్ షాలోం' అనే చిన్న బృందం ఏర్పడింది. యూదులూ అరబ్బులూ సమానహక్కులతో ఒకే రాజ్యంలో వుండాలన్నది దాని ఆశయం. హీబ్రూ విశ్వవిద్యాలయ అధ్యక్షుడు జుడా మాగ్నెస్ 1948లో చనిపోయేదాకా ఆ దిశగానే వాదించాడు. తత్త్వవేత్త మార్టిన్ బూబర్‌ది కూడా ఆ పక్షమే. సొంత జనమే వారిని ద్రోహులన్నట్లు చూసింది. వారు ఏనాడూ కొద్దిమందే. వారి జెరూసలేం మాత్రం ఇంకెవరి జెరూసలేంకన్నా తక్కువ పవిత్రమైనది కాదు. పాలస్తీనా గురించి మన విద్యార్థులు రాసే వ్యాసాలు ఏటా దిద్దుతుంటాను. వాటిలో బాల్ఫోర్ పేరు వుంటుంది, మాగ్నెస్ పేరు వుండదు.