దమ్ముకు ముందు

దాళ్వా కోతలయ్యాక ధవళేశ్వరం దగ్గర కాలువలు కట్టేస్తారు. మే వచ్చేసరికి కోనసీమ చేలల్లో కాలు దిగేంత నెర్రెలు. జూన్‌లో నీరొదిలినా ఆ పూటకే నేల మెత్తబడదు. నెర్రెలు తాగినంత తాగాలి, చేను నానాలి, అప్పుడే నాట్లకు దమ్ము చేయడం.

మనసుదీ ఇదే తీరు. ఖురాన్ 57వ సూరా ‘అల్ హదీద్’లో 16వ ఆయత్ ఒక నిలదీత: దైవస్మరణకు మనసులు కరిగే వేళ ఇంకా రాలేదా అని. అడిగింది నాస్తికులను కాదు, విశ్వాసులనే! కాలం గడిచేకొద్దీ పూర్వ గ్రంథప్రజల హృదయాలు బండబారాయన్న హెచ్చరికా అందులోనే ఉంది. మరుసటి ఆయత్‌లో, చచ్చిన నేలకు అల్లాహ్ మళ్లీ ప్రాణం పోస్తాడన్న మాట. డెల్టా రైతుకు దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు.

ఎనిమిదో శతాబ్దంలో ఖురాసాన్ దారులు కొట్టిన ఫుజైల్ బిన్ అయాజ్, మనసుపడిన పిల్ల కోసం ఓ రాత్రి గోడెక్కుతుంటే ఎవరో ఆ 16వ ఆయతే చదువుతున్నారట. ఆ వేళ వచ్చేసిందంటూ దిగిపోయాడు. తర్వాత మక్కాలో మహా భక్తుడిగా కన్నుమూశాడు.

అందరికీ అలా ఒక్క దెబ్బకు కాదు. తిరగలి తిప్పి చేతులు కాయలు కాసిన ఫాతిమా (ర) పనిమనిషి కావాలని అడిగితే, తండ్రి ముహమ్మద్ ప్రవక్త (స) పడుకునే ముందు సుబ్‌హానల్లాహ్ 33, అల్‌హమ్దులిల్లాహ్ 33, అల్లాహు అక్బర్ 34 సార్లు అనుకోమన్నారు. 1324 నాటి శాసనమున్న రాజమండ్రి పెద్ద మసీదు మొదలు డెల్టాలోని చిన్న మసీదుల దాకా, నమాజయ్యాక వేళ్ల కణుపుల మీద సాగేది ఈ తస్బీహే. కొందరి వేళ్లు నోటికన్నా ముందే పరుగెడతాయి, చూపు చెప్పుల మీద ఉంటుంది. అదీ జిక్రే, దైవస్మరణే అంటే నాకు నమ్మబుద్ధి కాదు.

మనసు రాయైపోయిందని ఒకరు మొరపెట్టుకుంటే, ప్రవక్త ఇంకో వందసార్లు జపించమనలేదు. పేదకు అన్నం పెట్టమన్నారు, అనాథ తల నిమరమన్నారు. సూఫీ తత్వాన్ని తెలుగు పద్యంలో చెప్పిన పిఠాపురం పీఠాధిపతి ఉమర్ ఆలీషా (1885–1945) కూడా జనానికి దూరంగా కూర్చోలేదు. కేంద్ర శాసనసభలో సభ్యులుగా పనిచేశారు.

రంజాన్‌లో జపానికి దానం తోడవ్వాలన్న ఈ లెక్క మరీ ఖచ్చితం. నెలంతా ఉపవాసం, జిక్ర్ చేసినవారు పేదల వాటా ఫిత్రాను పండుగ నమాజుకు ముందే చేర్చాలి. నమాజు దాటాక ఇస్తే మామూలు దానం కిందకే జమ.