చెప్పక దాచిన మాట



సహస్రాధిపతియైన లూసియ, పౌలును ఫేలిక్సునొద్దకు పంపుచు వ్రాసిన జాబు అపొస్తలుల కార్యములు 23వ అధ్యాయములో ఉన్నది. పౌలునందు మరణశిక్షకు తగిన నేరము తనకు కనబడలేదని అతడు అందులో తెలిపెను. ఖైదీని పంపువాడే ఖైదీకి మేలైన మాటను కాగితముమీద పెట్టెను. అయితే పౌలును కట్టించి, కొరడాలతో కొట్టింపబోయిన సంగతి మాత్రము వ్రాయలేదు. తనకు మచ్చ తెచ్చుదానిని దాచుకొనెను.

నేడు కోర్టులలోను ఇదే ప్రశ్న. పోలీసువారు ఊరూర తిరిగి అందరి వాంగ్మూలములు తీసికొందురు. వాటిలో ముద్దాయికి అనుకూలమైనది కూడ ఉండవచ్చును. జైలులోనున్న ముద్దాయికి అది ఎట్లు తెలియును? అమెరికాలో ఒక హత్య కేసులో, చంపినది తానేనని తోడి ముద్దాయి చెప్పిన వాంగ్మూలమును ప్రాసిక్యూటరు బయటపెట్టలేదు. ముద్దాయి తరఫువారు అడిగినను అనుకూలమైన సాక్ష్యమును ఇయ్యకుండుట, మంచి మనసుతో చేసినను చెడు మనసుతో చేసినను, అన్యాయమేనని అక్కడి సుప్రీంకోర్టు 1963లో తీర్పు చెప్పెను. మన సుప్రీంకోర్టు 2021 ఏప్రిల్ 20న, మన ఆంధ్ర రాష్ట్రము పేరుకూడ ఉన్న కేసులో, పోలీసువారు ఆధారము చేసికొనని వాంగ్మూలముల, కాగితముల, వస్తువుల జాబితాను సైతము ముద్దాయికి ఇయ్యవలెనని చెప్పెను. జాబితా చేతికి వచ్చినయెడల, కావలసినది ఇప్పించుమని అతడు కోర్టును అడుగగలడు.

దాచువాడు తన్ను చెడ్డవాడనుకొనడు. దోషి తప్పించుకొనునేమో అనుకొనును. అబద్ధ సాక్ష్యము పలుకకూడదను ఆజ్ఞను తాను మీరలేదనియు అనుకొనును. ఈ విషయములో మేమును శుద్ధులము కాము. కొన్నేండ్ల క్రిందట ఒక మేకపిల్ల పోయినదని సంఘపెద్దలు కూర్చుండి ఒక సహోదరుని విచారించిరి. అది తానై వేరొక మందలో కలిసిపోవుట చూచితినని, మేకలు కాచు పిల్లవాడు ముందురోజే మాతో చెప్పియుండెను. పిల్లవాని మాట యేమిలే అని ఊరకుంటిమి. మమ్మును అడిగినవారును లేరు. మేము ఒక్క అబద్ధమైనను ఆడలేదు. ఆ సహోదరుడు మాత్రము పదిమందిలో తల వంచుకొని తప్పు కట్టెను.

నెల తిరుగకముందే మేకపిల్ల దొరికెను, డబ్బు తిరిగి యిచ్చితిమి. ఆయన ఇప్పటికిని ఆరాధనకు వచ్చును గాని తలుపు దగ్గర కూర్చుండును. పిల్లవాని మాట మాకు ముందే తెలియునని ఆయనతో ఇంకను చెప్పలేదు. ఈ పత్రిక మర్రిపాడు చేరకముందే ఆయన యింటికి వెళ్లి చెప్పవలెను.