కండకూ అందాలి

పాలు విరిగితే ఇంట్లో అందరి మొహాలూ చిన్నబోతాయి. ఈ రోజు మనమే కావాలని పాలు విరగ్గొడదాం.

రాత్రి పని అయ్యాక అర లీటరు పాలు పొంగనివ్వండి. మంట తగ్గించి, నిమ్మరసం కొద్దికొద్దిగా పోయండి. గరిటెతో మెల్లగా తిప్పండి. చూస్తుండగానే పాలు పలుకులు పలుకులుగా విడిపోతాయి. లేత ఆకుపచ్చ నీళ్లు వేరుపడతాయి. పలచటి గుడ్డలో వడకట్టి, చన్నీళ్లతో ఒకసారి కడగండి. పులుపు పోతుంది. బరువు పెట్టి గట్టిపరచకండి. పనీరు మెత్తగా, తడితడిగా ఉండాలి. మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. ఆ విరుగుడు నీళ్లు పారబోయకండి, చపాతీ పిండి కలుపుకోవచ్చు.

పొద్దున ఆ పనీరు గిన్నెలో వేసి, బొప్పాయి ముక్కలో జామ ముక్కలో చేర్చండి. వేయించిన పల్లీలు కాసిని చల్లండి. పొయ్యి వెలిగించే పనే లేదు.

ఉప్మా తిన్నా కడుపు నిండుతుంది. కానీ కండకు కావలసిన మాంసకృత్తులు అందులో తక్కువ. ఈ గిన్నెలో బాగా ఉంటాయి. కడుపు నిండాలి, కండకూ అందాలి. బడికి పరుగెత్తే పిల్లలకు అందాలి. పెద్దవయసు వాళ్లకు మరీ అందాలి. వాళ్లలో కండ తరుగుతుంటుంది, ఆకలేమో తగ్గుతుంటుంది.

మా అమ్మకు పళ్లు కదులుతున్నాయి. అందుకని పల్లీలు మానేసి, అరటిపండు మెదిపి కలుపుతాను. చెంచా గిన్నె అడుక్కి తగిలే చప్పుడు వినిపించేదాకా ఆవిడ పక్కనే కూర్చుంటాను.