చరకుడి నాలుగో ప్రమాణం

“బాగా నీరసంగా ఉన్నాడండీ, ఒక సెలైన్ పెట్టండి.” తెలుగు ఊళ్లలో డాక్టరు చెవిన పడని రోజుండని మాట ఇది. సీసా స్టాండుకు ఎక్కి, చుక్కలు దిగడం మొదలైతే పక్కన కూర్చున్నవాళ్ల ముఖాలు కూడా తేటపడతాయి. ఆ ఊరటను ఎంతవరకు నమ్మాలి?

ఇది జ్ఞానానికి సంబంధించిన పాత ప్రశ్నే. తెలుసుకోవడానికి ఆప్తోపదేశం (నమ్మదగినవారి మాట), ప్రత్యక్షం (కళ్లారా చూడటం), అనుమానం (తర్కంతో ఊహించడం), యుక్తి (పలు కారణాల కలయికను చూడటం) అని చరక సంహిత సూత్రస్థానం నాలుగు ప్రమాణాలు చెప్పింది. నాలుగోదానికి సేద్యాన్ని ఉదాహరణగా తెచ్చింది. నీరు, దుక్కి, విత్తనం, అదను కలిస్తేనే పంట.

మొదటి మూడూ ఏకమై తప్పుదారి పట్టించిన సందర్భం ఒకటుంది. తీవ్ర జ్వరంతో కాళ్లూ చేతులూ చల్లబడి షాక్‌లోకి జారే పసిపిల్లలకు ద్రవాన్ని వేగంగా ఎక్కించాలని మార్గదర్శకాలు చెప్పేవి. అది ఆప్తవాక్యం. రక్తప్రసరణ సన్నగిల్లింది కనుక ద్రవం నింపితే పుంజుకుంటుందన్నది అనుమానం. ఎక్కించాక బిడ్డ తేరుకోవడం కళ్లారా కనిపించేది, అది ప్రత్యక్షం. ఇంతకంటే ఏం కావాలి అనిపిస్తుంది.

అయినా కాథరిన్ మెయిట్‌లాండ్ నాయకత్వంలోని బృందం దాన్ని పరీక్షించింది. ఉగాండా, కెన్యా, టాంజానియాల్లోని ఆరు ఆసుపత్రుల్లో 3,141 మంది పిల్లలను చీటీ తీసినట్టు మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు సెలైన్, ఒక జట్టుకు ఆల్బుమిన్ వేగంగా ఎక్కించారు. మూడో జట్టుకు అలా ఎక్కించలేదు. ‘ఫీస్ట్’ అనే ఈ పరీక్షను 2011 జనవరిలో మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. 48 గంటల్లో మరణాలు మూడో జట్టులో 7.3 శాతం, సెలైన్ జట్టులో 10.5, ఆల్బుమిన్ జట్టులో 10.6. మొదటి గంటలో షాక్ నుంచి ఎక్కువగా తేరుకున్నది మాత్రం ద్రవం ఎక్కించిన పిల్లలే!

నూటికి ముగ్గురు. ఏ వార్డులో ఏ డాక్టరుకూ ఈ తేడా కంటికి అందదు. బతికిన బిడ్డ చికిత్స వల్ల బతికినట్టే, పోయిన బిడ్డ జబ్బు ముదిరి పోయినట్టే తోస్తుంది. ఎంత ప్రేమతో, ఎంత అనుభవంతో చూసినా అంతే. ఆధారాల మీద నిలిచే వైద్యం అవసరమైంది ఇందుకే. అది డాక్టరు మనసును శంకించడానికి పుట్టలేదు, ఆ మనసు మోయలేని లెక్కను మోయడానికి పుట్టింది.

మరి ఆ లెక్క ఎంతదూరం వస్తుంది? 1971లో బంగ్లాదేశ్ శరణార్థులతో నిండిన పశ్చిమ బెంగాల్‌లోని బనగాఁవ్‌లో కలరా చెలరేగింది. సెలైన్ సీసాలు అయిపోతున్నాయి. గ్లూకోజు, ఉప్పు, వంటసోడా కలిపిన నీటిని డ్రమ్ముల్లో నింపి, బంధువుల చేతే రోగులకు తాగించారు డాక్టర్ దిలీప్ మహలనబీస్. నోటి ద్రావణం పనిచేస్తుందని ఢాకా, కలకత్తా ఆసుపత్రుల్లో అప్పటికే తేలింది. అయితే బురదలో, వైద్యసిబ్బంది చాలని చోట, రోగి బంధువుల చేతిలో అది పనిచేస్తుందని ఎవరూ రుజువు చేయలేదు. చీటీలు తీసి సగంమందిని పక్కన పెట్టే వ్యవధి ఆయనకు లేదు. అంతకుముందు 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి. తెలిసిన శాస్త్రం, దొరికిన సరుకు, అమ్మల చేతులు, మించిపోతున్న అదను కలిసిన చోట నడిచింది యుక్తే.

ఫీస్ట్ లెక్కకూ హద్దులున్నాయి. ఆ పరీక్షలోకి విరేచనాలతో ఎండిపోయిన పిల్లలను తీసుకోలేదు. వెంటిలేటర్లున్న వార్డులూ అందులో లేవు. కాబట్టి ఆ 7.3, 10.5 ఎవరివో గుర్తుంచుకునే వాడాలి. జ్వరమూ విరేచనాలూ రెండూ ఉన్న బిడ్డ రాత్రి రెండింటికి వస్తే ఏ పట్టికా నేరుగా జవాబివ్వదు. డాక్టరు ఆ చిన్న గోరును నొక్కి వదిలి, ఎరుపు తిరిగి రావడానికి ఎన్ని సెకన్లు పట్టిందో లెక్కపెడతారు. కొద్దిగా ద్రవం ఇచ్చి, పక్కనే ఉండి మళ్లీ నొక్కి చూస్తారు.